ఆలోచించుకుని వస్తానండీ

నోట్లో చిన్న అద్దం, కొక్కెంలాంటి ఇనుప పుల్ల, పెదవి మూలన ఉమ్మి లాగే గొట్టం, కళ్ళల్లోకి లైటు. అలా వెల్లకిలా పడి ఉన్నప్పుడు డాక్టరుగారు గోడమీది టీవీ చూపించి, "ఇదిగో, ఇక్కడ నల్లగా ఉంది చూశారా? ఇది రూట్‌కెనాల్‌కి వెళ్ళిపోయిందండీ" అంటారు. మన పన్ను అక్కడ పాడుబడ్డ బావి అంత కనిపిస్తుంది. మనం "ఆఁ" అంటాం. నోరు తెరిచి పెట్టుకున్న మనిషి అనగలిగింది అదొక్కటే. దాన్ని అవతలివాళ్ళు ఒప్పుకోలు కింద రాసుకుంటారు.

కిందటేడు నేనూ అన్నాను, ఆరుసార్లు.

విజయవాడలో ఉన్నన్నాళ్ళూ, పదిహేనేళ్ళపాటు ఒకే డాక్టరుగారికి నోరు అప్పగించాను. ఆయన ప్రాక్టీసు మానేశారు, నేను హైదరాబాద్ మారాను. పళ్ళు శుభ్రం చేయించుకుందామని మా కాలనీలో కొత్తగా పెట్టిన క్లినిక్‌కి వెళ్ళాను. బయటికొచ్చేసరికి చేతిలో 78 వేల రూపాయల ఎస్టిమేట్ ఉంది. రెండు పళ్ళకు రూట్‌కెనాల్, వాటిమీద క్యాపులు, నాలుగు ఫిల్లింగులు, రెండు జ్ఞానదంతాలు పీకడం, నోరంతా డీప్ క్లీనింగ్. రిసెప్షన్‌లో అమ్మాయి పెన్ను నా వైపు తిప్పి, "ఈరోజే మొదలుపెడితే పది శాతం తగ్గుతుంది సార్, ఈఎంఐ కూడా ఉంది" అంది. ఆ రోజుకి నాకు ఏ పన్నూ నొప్పి లేదు.

"ఆలోచించుకుని వస్తానమ్మా" అన్నాను. ఈ రెండు మాటలకే చెమటలు పట్టాయి.

ఇంటికొస్తూ ఆలోచించాను. రైతుబజార్‌లో అరకిలో వంకాయలకు నాలుగు బల్లలు తిరుగుతాను. ఒక్కోటీ తిప్పి చూసి, తొడిమ దగ్గర చిన్న చిల్లు కనిపిస్తే పుచ్చని పక్కన పెడతాను. ఎవరూ ఏమీ అనుకోరు. మరి ఆ పుచ్చు వంకాయలో కాక పంటిలో ఉందనగానే, ఏదీ నన్నూ చూడనివ్వండి అనడానికి నోరెందుకు రాదు?

డాక్టరంటే గౌరవం కాబట్టి అని చెప్పుకుంటాం. వైద్యో నారాయణో హరిః అని పెరిగినవాళ్ళం. మా ఆవిడ కూడా "ఆ డాక్టరమ్మ ఏమనుకుంటుందండీ, బాగోదు" అంది. కానీ పళ్ళ డాక్టరు దగ్గర గౌరవం కన్నా ఎక్కువగా పనిచేసేది తప్పు చేసినవాడి బెరుకు. "రాత్రిపూట బ్రష్ చేసుకుంటారా? క్లీనింగ్ చేయించుకుని ఎన్నాళ్ళయింది?" అని అడగ్గానే మనం హోంవర్కు చెయ్యని పిల్లాడిలా అయిపోతాం. తప్పు ఒప్పుకున్నవాడు ఎదురు ప్రశ్న వెయ్యడు, జరిమానా కట్టేస్తాడు. నేను పెన్ను అందుకోబోయింది అందుకే. కుర్చీలోంచి లేవగానే ముందు దులుపుకోవాల్సింది ఆ బెరుకుని. పళ్ళు సరిగ్గా తోముకోకపోవడం వేరు సంగతి, ఏ పంటికి ఏం చెయ్యాలన్నది వేరే సంగతి.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఒకరు మోసగాళ్ళనే మన లెక్క కూడా తొందరపాటే. 1997లో అమెరికాలో రీడర్స్ డైజెస్ట్ పత్రిక విలేఖరి ఒకాయన అవే పళ్ళు, అవే ఎక్స్‌రేలు పట్టుకుని 28 రాష్ట్రాల్లో 50 మంది డెంటిస్టుల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు చెప్పిన ఖర్చు సుమారు ఐదొందల డాలర్ల దగ్గర మొదలై దాదాపు 30 వేల డాలర్ల దాకా పోయింది. అందులో ఆశ పాలు లేదనను. కానీ ఆ వృత్తిలోనే తేడాకి చోటుంది. ఎక్స్‌రే అంటే నీడ. పంటి పైపొర ఎనామిల్‌లోనే ఆగిపోయిన పుచ్చుకి సాధారణంగా డ్రిల్లు అక్కర్లేదు. ఫ్లోరైడ్ పేస్టు, శుభ్రత, తీపి తగ్గించడంతో అది అక్కడే ఆగొచ్చు, కొంత గట్టిపడొచ్చు కూడా. పైపొర దాటి లోపలి డెంటిన్‌లోకి దిగి గుంట పడితే పూడ్చాల్సిందే. ఈ రెంటికీ నడుమ గీత మీద ఉన్న పన్ను విషయంలో ఒకరు "చూద్దాం" అంటారు, ఇంకొకరు "ఇప్పుడే చేసేద్దాం" అంటారు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు.

కొత్త డాక్టరుకి ఇంకో ఇబ్బంది ఉంది. ఆ నల్ల మచ్చ మొన్న వచ్చిందో పదేళ్ళనాటిదో ఆవిడకు తెలియదు. పాత డాక్టరుగారైతే "అది ఎప్పట్నుంచో అంతే ఉంది, వదిలెయ్యండి" అనేవారు. ఒక్క ఎక్స్‌రే పుచ్చు పెరుగుతోందో ఆగిందో చెప్పలేదు, రెండు పక్కపక్కన పెడితే చెబుతాయి. ఊరు మారేటప్పుడు గ్యాస్ కనెక్షన్, పిల్లల టీసీ తెచ్చుకున్నట్టే పళ్ళ ఎక్స్‌రేలూ తెచ్చుకోవాలని నాకప్పుడు తట్టలేదు. విజయవాడకి ఫోన్ చేస్తే పాత క్లినిక్‌లో పనిచేసిన ఆవిడ నాలుగేళ్ళ కిందటి ఓపీజీ వెతికి వాట్సాప్‌లో పంపింది. ఓపీజీ అంటే రెండు దవడలూ ఒకే ఫిల్ములో వచ్చే పెద్ద ఎక్స్‌రే. సగం తగువు దాంతోనే తీరింది.

ఇక ఎస్టిమేట్ చదవడం. అందులో 46, 36 అని ఉంది. ముప్ఫై రెండు పళ్ళ మనిషికి 46వ పన్ను ఎక్కడిదని మా ఆవిడ నవ్వింది. అది వరస నంబరు కాదు. మొదటి అంకె నోటిలో ఏ మూలో చెబుతుంది. మన కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె ముందు పళ్ళ మధ్య నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. కాబట్టి 46 అంటే కుడివైపు కింది దవడలో ఆరోది, నమిలే పెద్ద దంతం. ఈ లెక్క తెలిశాక నాలుక చివరతో ఒక్కో పన్నూ తడుముకుంటూ కాగితం చదివాను. అంతవరకూ 78 వేలుగా భయపెట్టింది పదకొండు విడివిడి ప్రశ్నలుగా మారింది. భయం అక్కడే సగం దిగిపోయింది.

రెండో అభిప్రాయానికి ఎక్కడికి వెళ్ళాలి? నామీద సంపాదించాల్సిన అవసరం లేనివాళ్ళ దగ్గరికి వెళ్దామనుకున్నాను. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత కళాశాల ఉంది. విజయవాడలోనూ కడపలోనూ కూడా ఉన్నాయి. ఒక పూట పోతుంది, బల్లమీద కూర్చోవాలి. కానీ పీజీ చేసే డాక్టరు చూస్తారు, ఆ వెనక వాళ్ళ ప్రొఫెసరు చూస్తారు, ఒక చీటీకి రెండు అభిప్రాయాలు.

అక్కడ నేను చేసిన ఒక్క తెలివైన పని, మొదటి ఎస్టిమేట్ జేబులోంచి తియ్యకపోవడం. ఎక్స్‌రేలు ఇచ్చి, "కొత్తగా చూపించుకుంటున్నానమ్మా, ఏమేం చెయ్యాలో చెప్పండి" అన్నాను. కాగితం ముందే చూపిస్తే రెండో డాక్టరు మన నోరు చూడరు, కాగితాన్ని దిద్దుతారు. చూడ్డం అంతా అయ్యాక అప్పుడు తీసి, "వాళ్ళు ఇలా రాశారు, ఎందుకంటారు?" అని అడగాలి. ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే ఫీజు కట్టి, "వైద్యానికి కాదండీ, మీ అభిప్రాయం కోసం వచ్చాను" అని మొదటే చెప్పేయడం మర్యాద. మొదటి డాక్టరు పేరు ఎత్తక్కర్లేదు. పేరెత్తితే సంభాషణ పంటి మీంచి మనిషి మీదికి పోతుంది.

ఆ పీజీ అమ్మాయి నా చిగుళ్ళలోకి గీతలు గీసిన సన్నటి పుల్ల దింపుతూ పక్కనున్న కుర్రాడికి అంకెలు చెప్పింది. "రెండు, మూడు, రెండు, రెండు, మూడు..." చిగురుకీ పంటికీ మధ్య లోతు అది, మిల్లీమీటర్లలో. మూడు దాకా పర్వాలేదు. నాలుగు, ఐదు దాటితే చిగురు పంటిని వదిలేస్తోందని అర్థం, డీప్ క్లీనింగ్ అన్న మాట అక్కడ వస్తుంది. నాకు ఎక్కడా మూడు దాటలేదు, మామూలు స్కాలింగ్ చాలు. కాలనీ క్లినిక్‌లో ఆ పుల్లే దింపలేదు. మీకెవరైనా డీప్ క్లీనింగ్ రాస్తే, "నా అంకెలెంత వచ్చాయండీ?" అని అడగండి. కొలిచినవాళ్ళు వెంటనే చెబుతారు.

తర్వాత చల్లటి దూది పళ్ళకు ఆనించింది. 36కి జివ్వుమంది. "బతికే ఉంది, పాత వెండి ఫిల్లింగ్ కూడా బాగుంది, దాని జోలికి పోకండి" అంది. 46కి ఆనించింది. నాకేమీ తెలియలేదు. మళ్ళీ ఆనించింది. అప్పుడూ లేదు. ప్రొఫెసరుగారు వచ్చి ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి నీడ చూపించి, "ఇది లోపల చచ్చిపోయిందండీ. నొప్పి లేదంటున్నారా? నరం పోయాక నొప్పి ఎక్కడిది?" అన్నారు.

నేను ఎస్టిమేట్‌లో అన్నిటికన్నా అనుమానించింది ఆ 46నే. నొప్పే లేని పంటికి రూట్‌కెనాలా, దోపిడీ కాకపోతే అనుకున్నాను. అందరికన్నా ముందు దాన్ని పట్టుకుంది ఆ కొత్త డాక్టరే. పదిహేనేళ్ళ ఆప్తులైన నా పాత డాక్టరుగారి చేతికి అది చిక్కలేదు. మిగతా జాబితాలో 37కి ఫిల్లింగ్ నిజమే. 47లో పుచ్చు పైపొరలోనే ఉంది, ఏడాది చూద్దామన్నారు. పైవరసలో రెండూ గాడిలో దిగిన మరకలు, పాత ఓపీజీతో పోల్చినా అక్కడ కొత్తగా పుచ్చేమీ తేలలేదు. జ్ఞానదంతాలు రెండూ వాపూ లేకుండా, పక్క పంటిని చెడగొట్టకుండా ఊరికే పడి ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవల్లో 2000 సంవత్సరం నుంచీ జబ్బులేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో పీకొద్దనే మార్గదర్శకం ఉంది. నావీ అలాగే ఉంచేశాను.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెత మనకు తియ్యగా వినిపిస్తుంది. పాలు అనే డాక్టరు దొరికేదాకా తిరగడం రెండో అభిప్రాయం కాదు. "ఏమీ అక్కర్లేదు" అన్నవారినీ "ఎందుకక్కర్లేదు?" అని అదే గట్టిగా అడగాలి. ఇద్దరి మాటా పొసగకపోతే మూడో మనిషి దగ్గరికి ఆ ఒక్క పన్ను పట్టుకునే వెళ్ళండి, నోరంతా కాదు. రూట్‌కెనాల్ తగువైతే ఎండోడాంటిస్ట్, చిగుళ్ళదైతే పెరియోడాంటిస్ట్.

తిరగకూడని వేళలూ ఉన్నాయి. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఆ పూటే ఎవరు దొరికితే వాళ్ళ దగ్గరికి పరుగెత్తాలి. దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడిపడితే పాలలో వేసుకుని అరగంటలో చేరాలి. అవి కాని పుచ్చు ఏదైనా శనివారం దాకా ఆగుతుంది, పది శాతం తగ్గింపు ఆగినా ఆగకపోయినా. మూడు వారాల సెలవుమీద డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో దిగి, పెళ్ళిళ్ళ మధ్యలో నోరంతా బాగుచేయించుకుని పోదామనే మనవాళ్ళకి ఇది మరీ చెప్పాలి. ఇంప్లాంట్ ఎముకలో అతుక్కోవడానికే సాధారణంగా మూడు నాలుగు నెలలు పడుతుంది, దానికి మీ రిటర్న్ టికెట్టుతో పనిలేదు.

హక్కుల సంగతంటారా, ఉన్నాయి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కుల్లో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు ఒకటి. మన రిపోర్టులు మనం తీసుకునే హక్కూ అందులో ఉంది. పరీక్షకని ఇచ్చిన సమ్మతిని చికిత్సకు సమ్మతిగా లెక్కవేయకూడదని సుప్రీంకోర్టు కూడా 2008లోనే తేల్చింది. కుర్చీలో మనమన్న "ఆఁ" దేనికీ సంతకం కాదన్నమాట. అయినా హక్కుల దాకా పోయే అవసరం నాకు రాలేదు, అడిగితే సరిపోయింది.

నెల తిరక్కుండా కాలనీ క్లినిక్‌కే వెళ్ళాను. 46ని పట్టుకున్న చెయ్యి ఆవిడదే కాబట్టి ఆవిడతోనే చేయించుకుందామని. "46, 37 ఈ రెండూ చెయ్యండి డాక్టరుగారూ, మిగతావి ఏడాది ఆగి చూద్దాం" అన్నాను. "వేరే ఎవరికైనా చూపించారా?" అంది. చూపించానని చెప్పాను. ఆవిడ 36 ఎక్స్‌రే మళ్ళీ తెరమీద పెట్టి కాసేపు చూసి, "సరే, దాన్ని గమనిద్దాం" అంది. బిల్లు 20 వేలు దాటలేదు. ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీయాలని కార్డుమీద ఆవిడే రాసిచ్చింది.

మీ సంచిలోనో ఫోన్‌లోనో అలాంటి ఎస్టిమేట్ ఒకటి పడి ఉంటే, నా ఎక్స్‌రేలు పంపండి అని ఆ క్లినిక్ నంబరుకి ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి. పాత డాక్టరు నంబరు కూడా వెతకండి, వాళ్ళ దగ్గర మీ పాత ఫిల్ము ఉండొచ్చు.