శరణార్థియై వచ్చిన రాజపుత్రుడు

శ్రీవైష్ణవ గృహములలో శరణాగతి యనగానే మొదట స్ఫురించునది విభీషణుని వృత్తాంతము. లంకను విడిచి, నలుగురు అనుచరులతో సముద్రము దాటివచ్చి, ఆకాశమున నిలిచి తన రాకను తెలుపుకొన్న ఆ రాక్షసరాజు తమ్ముని జూచి వానరవీరులు శంకించిరి. శత్రువు తమ్ముడు, విపత్కాలమున వచ్చినవాడు, ఎట్లు నమ్మవచ్చునని సుగ్రీవుడు వాదించెను. సుగ్రీవుని శంక అవివేకము కాదు. రాజనీతి నెరిగిన వాడెవడైనను అట్లే పలుకును. శ్రీరాముడు మాత్రము శరణన్నవానిని, వాడు రావణుడే యైనను, విడువనని చెప్పి అభయ మొసగెను.

మన తెలుగుదేశపు చరిత్రలోను ఇట్టి ఘట్ట మొకటి కలదు. అందు సుగ్రీవుని సందేహము నిజమైనది. అహోబిల యాత్రకు పోవు భక్తులు ఈ కథ నెరిగి పోవుట మంచిది.

గోలకొండ రాజ్యస్థాపకుడైన సుల్తాన్ కులీ కుతుబ్ షా పారశీకదేశమునుండి దక్కనుకు వచ్చినవాడు. 1543లో ఆయన హత్య గావింపబడెను. ఆ హత్య వెనుక నున్న కుమారుడు జంషీదు సింహాసన మెక్కి, అన్నయగు కుతుబుద్దీనుని కన్నులు పొడిపించెను. కడపటి కుమారుడైన ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో నుండెను. తనకును అదే గతి పట్టునని గ్రహించి యతడు మొదట బీదరుకు పారిపోయి, అచ్చట నిలువజాలక విజయనగరము చేరెను. అచ్చట సదాశివరాయలు పేరునకు రాజు. రాజ్యభారమంతయు అళియ రామరాయలదే. రామరాయలు పంచమతభంజన తాతాచార్యులవారి నాచార్యులుగా కొలిచిన పరమవైష్ణవుడు.

రామరాయలు ఆ యువకుని ఆదరించి, పోషణకు జాగీరు నిచ్చెను. ఆ జాగీరు అంతకుముందు అంబరుఖాను అను హబ్షీ సరదారుని దనియు, అతడు కోపించి నడివీధిలో ఇబ్రహీము నెదిరించెననియు, ద్వంద్వయుద్ధమున అంబరుఖాను కూలెననియు ఫిరిష్తా అను పారశీక చరిత్రకారుడు వ్రాసినాడు. పరదేశమున నాశ్రయము పొందిన రాజపుత్రుని బ్రతుకు పట్టుపరుపుల బ్రతుకు కాదని దీనివలన తెలియును. అతిథికి పెట్టిన విస్తరి మరియొకని ముందునుండి తీసినదైనచో ఆ పంక్తిలో ఈర్ష్య పుట్టక మానదు.

ఇబ్రహీం ఏడేండ్లు విజయనగరమున నుండెను. విఠలస్వామి, హజారరామస్వామి ఆలయములు అప్పుడు పూజాదికములతో కళకళలాడుచుండెను. రాయల కొలువున తెలుగు కవుల గౌరవము చెక్కుచెదరని కాలమది. ఇబ్రహీమునకు తెలుగు రుచి బాగుగ తెలిసిన దిచ్చటనే. 1550లో జంషీదు మరణింపగా గోలకొండ పెద్దలు అతనిని పిలిపించిరి. కోటలను కాచు నాయకవాడీలు అతనికి బాసటయైరి. వారు చేసిన విశ్వాసప్రమాణము కోయిలకొండలో తెలుగు శాసనముగా నిలిచియున్నది. గోలకొండ సుల్తానైన పిమ్మట అతడు తెలుగు కవుల నాదరించెను. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అతనికే అంకిత మిచ్చెను. కందుకూరి జనార్దనస్వామిపై అష్టకము చెప్పిన రుద్రకవియు అతని యాదరమును పొందినవాడే. కవులు అతనిని మల్కిభరాముడని తెలుగువానిగనే పిలుచుకొనిరి. మెట్టుగూడనుండి ఈ వ్యాసము వ్రాయుచున్న నాకు కొద్దిమైళ్ల దూరములోనే యున్న హుస్సేన్ సాగరమును అతని పాలనలో త్రవ్వబడినదే. విద్యానగరపు అన్నము వృథాపోలేదని యిందాక వచ్చిన పాఠకుడు సంతోషించును.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఇబ్రహీముపై కుట్ర పన్ని పారిపోయిన జగదేవరావు అను సరదారునకును రామరాయలు ఆశ్రయ మిచ్చెను. శరణన్నవాని కభయ మిచ్చుట ధర్మమే. కాని నిన్నటి అతిథికి నేటి శత్రువును ఇంట నిలుపుకొనుటలో ధర్మ మెంత, రాజకీయ మెంత? రామరాయలు దక్కను సుల్తానులలో నొకనిపై మరియొకనిని ప్రయోగించుచు వచ్చెను. ఇబ్రహీం చేతినుండి పానగల్లు, ఘనపురము వంటి దుర్గములను గైకొనెను. శ్రీరాముడు విభీషణునకు సముద్రతీరముననే పట్టము గట్టి, లంక గెలిచిన పిదప అందొక్క మెట్టయినను తనకు కోరలేదు. రామరాయల యాతిథ్యము అట్టిది కాదు. అది గొప్పదే, కాని లెక్క వ్రాసికొన్న ఆతిథ్యము. ఈ మాట కఠినముగ దోచవచ్చును. అయినను అతిథి కృతఘ్నతను మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధము జరిగెను. తనకు ఏడేండ్లు అన్నము పెట్టిన వృద్ధునిపై ఇబ్రహీం తక్కిన సుల్తానులతో గూడి నిలిచెను. రామరాయలు హతుడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో పెనుగొండ చేరెను. విఠలాలయమున ఆరాధన లుప్తమయ్యెను. యౌవనమున ఆ రాజవీధులలో తిరుగాడిన ఇబ్రహీం ఆ శిథిలములను జూచి యేమనుకొనెనో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

పదునాలుగేండ్లు గడచెను. 1579లో గోలకొండ సైన్యము అహోబిలముపై బడెను. ఆ సేనను నడపినవాడు మురహరిరావు అను బ్రాహ్మణుడే యగుట గమనింపదగినది. కనుక దీనిని కేవలము మతకలహముగ చెప్పుట పొసగదు. 1515లో కృష్ణదేవరాయలు దర్శించి కానుక లర్పించిన ఆ నృసింహక్షేత్రము దోపిడికి గురియయ్యెను. ఇబ్రహీం మరుసటి యేట, 1580లో, మరణించెను. క్షేత్రము మాత్రము కొన్నియేండ్లు పరాధీనముగనే యుండెను. ఉత్సవములు లేవు, యాత్రికులు లేరు.

అప్పుడు అహోబిల మఠాధిపతులైన వణ్ శఠగోప జీయరుస్వామివారు పెనుగొండ ప్రభువైన శ్రీరంగరాయలను ఆశ్రయించి స్వామి క్షేత్రమును విడిపింపుమని కోరిరి. శరణన్నవారి కభయ మిచ్చుట రామరాయల వంశమునకు మరల ప్రాప్తించెను. ఈమారు శరణన్నది పరదేశపు రాజపుత్రుడు కాదు, ఆచార్యుడు. శ్రీరంగరాయలు రామరాయల తమ్ముని కుమారుడే. ఆయన పంపగా కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజు అను వీరులు సేనతో పోయి, శత్రువులను వెడలగొట్టి, క్షేత్రమును జీయరువారికి అప్పగించిరి. 1584 నాటి అహోబిల శాసన మీ వృత్తాంతమును చెప్పుచున్నది. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని సేవించి, ఎగువకు బయలుదేరు యాత్రికులు అడుగిడునది ఆ వీరులు తిరిగి తెచ్చిన నేలపైననే.