సంతకాలు ఎన్నో కనుక్కో

అనకాపల్లి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం కంటే ముందు మీ అమ్మ ఫోను వచ్చింది. పరవాడలో పెద్ద మందుల కంపెనీ వదిలేసి, హైదరాబాదులో పట్టుమని పదిమంది లేని చోటికి పోతావట. పెద్ద కంపెనీల్లో కొత్తది పుట్టదన్నావట. ఆ మాట దగ్గరే నాకు పేచీ. జీతం సంగతి మీ నాన్న చూసుకుంటాడు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఎక్కడ పనిచేశారమ్మా? లెడర్లీలో. అమెరికన్ సయనమిడ్ అనే మహా సంస్థలో అదో భాగం. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అక్కడే పుట్టింది. దాన్ని పట్టుకున్న డగ్గర్ డెబ్బై దాటినవాడు, యూనివర్సిటీలో రిటైరై వచ్చాడు. (మీ నాన్నకి చదివి వినిపించు, నన్ను ముసలాడంటున్నాడు.) అలాంటి మందు కోసం ఎక్కడెక్కడి మట్టో తెప్పించి పరీక్షించాలంటే పదిమంది చాలరు. ఏమీ దొరకని ఏడాది కూడా జీతాలిచ్చే ఖజానా ఉండాలి.

అలాగని నీది తప్పనను. వరప్రసాదరెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ మనిషి. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997కల్లా హెపటైటిస్ బి టీకా తెచ్చారు. జన్యు ఇంజనీరింగ్‌తో మెర్క్ వాళ్ళు చేసిన టీకాకి 1986లోనే అనుమతి వచ్చింది. మనవాళ్ళు కొనగలిగే ధరకి ఇక్కడే తయారు కావడమే కొత్త. పెద్ద కంపెనీలకి ఆ తొందర ఎందుకుంటుంది? చివరికి 2009లో శాంతానీ సనోఫీ కొనేసిందనుకో.

అందుకే మనుషుల్ని కాదు, సంతకాలు లెక్కపెట్టు. ఒక గాజు ఫ్లాస్కు కొనాలంటే అక్కడ ఎన్ని సంతకాలు? నేను చెరకు పనిలో ఉన్నప్పుడు, వేరే ఊళ్ళో ఓ ఆఫీసులో రసం తీపి కొలిచే మీటరుకి ఇండెంటు పెట్టాను. ఆ కాగితం టేబుళ్ళన్నీ తిరిగొచ్చేసరికి గానుగలు ఆగిపోయాయి, మార్కెట్లో బెల్లం దిమ్మలూ పలచబడ్డాయి. మన వీధిలో బెల్లం వండే ముసలాయన పాకం వేలితో చూసి చెప్పేసేవాడు. ఆయనకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయితే కొత్త చెరకు రకాలు ఏళ్ళ తరబడి నాటి చూసే పొలం ఆయనకెక్కడిది? అది 1913 నుంచీ మన పరిశోధన కేంద్రానికే ఉంది.

ప్రయోగం పాడైతే మళ్ళీ చెయ్యమనేది ఎవరు? అలా అనడానికి ఆయన ఎవర్ని అడగాలి? అదీ సంతకమే. ఇంటర్వ్యూలో సిగ్గుపడక అడిగెయ్. మొదటి ప్రయోగం పోతే రెండోదానికి డబ్బు ఎక్కణ్ణించో కూడా అడుగు.

రాత్రిళ్ళు ల్యాబులో టీలతో గడపకు. చిన్నప్పుడు గానుగ దగ్గర పాకం తిని పళ్ళు పాడుచేసుకున్నది చాలదూ! కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి రా, పెద్దమ్మ ఎదురుచూస్తోంది. సెలవుకి ఎన్ని సంతకాలో అదీ కనుక్కో.

మీ పెదనాన్న