నా పేరు మీదున్న కారు

చెల్లీ, పాత కారు మీద మనసు పడ్డావని విన్నాను. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదనీ విన్నాను. "అంత డబ్బు పోసి పాతది కొంటావా? దానికి ఇంకాస్త కలిపితే గ్యారంటీతో కొత్తది రాదా?" అంటున్నారట. వస్తుంది. వాళ్ళ మాటలో తప్పేమీ లేదు. కానీ నీకు కావలసింది అది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళని ఎలా ఒప్పించాలో నేను చెప్పను. ఒప్పుకున్న మర్నాటి నుంచి ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను. రాయ్‌పూర్ ఎండల్లో, ఈ దుమ్ములో, ఏళ్ళ తరబడి అలాంటి కారు నడుపుతున్నదాన్ని కాబట్టి నా మాట నీకు పనికొస్తుంది.

స్పోర్ట్స్ కారు అనగానే ఎర్రగా, నేలకి ఆనుకుని, రెండే తలుపులతో ఉండే బండి కళ్ళ ముందుకొస్తుంది కదా. అలాంటివి మన దేశంలో మనబోటి వాళ్ళకి అందలేదు. బయటి నుంచి తయారై వచ్చే కారు మీద సుంకం ఏళ్ళ తరబడి కారు ధరతో పోటీ పడింది. గోవాలో శాన్ మోటార్స్ వాళ్ళు స్టార్మ్ అని రెండు సీట్ల చిన్న కారు చేశారు, ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో ఇంజను. ఎంతో ముచ్చటగా ఉండేది. రోడ్డు మీద కనబడినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకే కారు నడపడంలో ఆనందం వెతుక్కునే మనవాళ్ళు మామూలు కార్లలోనే హుషారైన ఇంజను ఉన్నవి ఏరుకున్నారు. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 అలాంటిది. 2000లో వచ్చిన హోండా సిటీ వీటెక్ అలాంటిది. నాది ఆ సిటీయే, 2002లో రిజిస్టరైంది. చూస్తే ఇంటిల్లిపాదీ గుడికి వెళ్ళే కారులా ఉంటుంది. లోపల 1493 సీసీ ఇంజను, 106 గుర్రాల బలం. ఆ రోజుల్లో ఆ పరిమాణానికి అది చాలా ఎక్కువ.

వీటెక్ అంటే ఏమిటో చెప్పకపోతే నా సంతోషం నీకు అర్థం కాదు. ఇంజనులో గాలినీ పెట్రోలునీ లోపలికి వదిలే వాల్వులు ఉంటాయి. వాటిని నొక్కి తెరిచేది కామ్‌షాఫ్ట్. మామూలు ఇంజనులో ఆ తెరిచే తీరు ఒక్కటే, నెమ్మదిగా వెళ్ళినా పరుగెత్తినా అంతే. హోండా వాళ్ళు దానికి రెండు తీర్లు పెట్టారు. 1989లో జపానులో ఇంటిగ్రా కారులో మొదటిసారి వచ్చింది ఈ పద్ధతి. నెమ్మది మీద ఉన్నప్పుడు చిన్న కామ్ పని చేస్తుంది, పెట్రోలు ఆదా. ఇంజను బాగా తిరిగే చోటికి వచ్చేసరికి ఆయిల్ ఒత్తిడికి ఒక చిన్న పిన్ను జరిగి, పెద్ద కామ్ అందుకుంటుంది. ఆ క్షణాన గొంతు మారిపోతుంది. అంతదాకా గుసగుసలాడిన ఇంజను గొంతెత్తి పాడినట్టు ఉంటుంది. దానికోసం హద్దులు దాటి పరుగెత్తక్కర్లేదు. తెల్లవారుజామున నవా రాయ్‌పూర్ వెడల్పాటి రోడ్ల మీద రెండో గేరులోనే వినబడుతుంది. ఆ గొంతు విన్న రోజు నాకు మధ్యాహ్నం దాకా మనసు తేలిగ్గా ఉంటుంది.

ఇంకో ఆనందం ఊరికి వెళ్ళే దారి. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందివి విజయనగరం, శ్రీకాకుళం వైపు మూలాలే. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలు దారి 1931లో పూర్తయింది, దాన్ని పట్టుకునే మన పెద్దలు ఎందరో ఇటు వచ్చారు. రైలు హాయే. కానీ ధమ్‌తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగుతుంటే ఈ కారు స్టీరింగ్ చేతికి చెప్పే కబుర్లు వేరు. రోడ్డు ఎక్కడ గరుకో, ఎక్కడ తడో, టైరు ఎంత పట్టు మీద ఉందో అరచేతికి తెలుస్తుంది. నేటి కార్లు ఎంతో భద్రమైనవి, మెత్తనివి, కాదనను. ఆ మెత్తదనంలో ఈ కబురు మాత్రం చేతిదాకా రాదు.

భద్రత మాట వచ్చింది కాబట్టి ఖర్చుల్లో ముందుగా దాన్నే రాసుకో. పాతికేళ్ళ నాటి కారుకి నేటి ప్రమాణాలు లేవు. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే మీదికి వెళ్ళాలంటే కొత్త కారులోనే వెళ్ళు. నేనూ అంతే.

ఇక కాగితాల ఖర్చు. సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. ఆ తర్వాత ఐదేసేళ్ళకోసారి ఆర్టీవో దగ్గర ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఒకప్పుడు దానికి 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. నా బండికి 2027లో ఆ పదివేలు కట్టాలి. యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ అని వేరే రకం నంబరు, వేరే గౌరవం ఉన్నాయి. మన బండ్లు కొత్తవీ కావు, వింటేజూ కావు. ఈ నడి వయసు బండ్లని ప్రేమించేవాళ్ళ మీదే బరువంతా పడుతోంది, ఇది నాకు నిజంగా బాధ. బాగా చూసుకున్న పాత కారుకీ, నల్లపొగ కక్కే పాత కారుకీ ఒకే రుసుము ఎందుకుండాలి? వయసు కాక పొగ కొలిచి రుసుము పెడితే న్యాయంగా ఉంటుంది.

ఇన్సూరెన్సులో ఒక సంగతి చాలామందికి తెలియదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజుని బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం 1000 దాటి 1500 సీసీ లోపు అయితే ఏడాదికి 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897, పన్ను వేరు. సిటీ 1493 కాబట్టి కింది వరుసలో ఉంటుంది. పాలియో 1596 సీసీ, అంటే ఆ వందా చిల్లర సీసీకి రెట్టింపు దాటి కట్టాలి, ఏటా. కొనే ముందు ఆర్‌సీలో ఆ అంకె చూసుకో. మన బండికి దెబ్బ తగిలితే వచ్చే క్లెయిము మీద పెద్ద ఆశ పెట్టుకోకు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి సగం, పదేళ్ళు దాటిన కారు ఇనుప భాగాలకీ సగం తరుగు తీసేస్తారు. మిగతా సగం మన సంచిలోంచే.

రాయ్‌పూర్ ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ వైపు కారైతే ఉప్పుగాలికి అడుగు తుప్పు పడుతుంది. ఇక్కడ తుప్పు భయం తక్కువ గానీ, మే నెల ఎండకి రబ్బరనేది ఏదీ నిలవదు. తలుపు బీడింగులు, హోస్ పైపులు, ఇంజను కింద మౌంటింగులు అన్నీ బిరుసెక్కి చిట్లుతాయి. ఒక మే నెల మిట్టమధ్యాహ్నం శాస్త్రి మార్కెట్లో కూరలు కొని వచ్చి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది, ఇంజను అందుకోదు. సాయంత్రం చల్లబడ్డాక ఒక్క తిప్పుకే స్టార్టయింది. మా మిస్త్రీ తెలుగు కుర్రాడే, వాళ్ళ నాన్న రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. జరిగింది విని, "ఎండ దిగాక స్టార్టయిందంటే రిలే అక్కా" అన్నాడు. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, పెట్రోలు పంపుకి కరెంటు అందించే అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా ఊడదీశాడు. మూత తీసి, లోపలి పలకని దీపం కింద వంచి చూపించాడు. ఒక పిన్ను మొదట్లో సోల్డరు చుట్టూ వెంట్రుకంత చీలిక, ఉంగరంలా. ఇరవై ఏళ్ళ ఎండకీ కుదుపుకీ వచ్చినదది. వేడికి సాగి విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ అంటుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్క చుక్క వేశాడు, అంతే. అప్పటి నుంచి తాళం తిప్పాక ఒక్క క్షణం ఆగి చెవి పెడతాను. వెనకాల పెట్రోలు పంపు రెండు సెకన్లు సన్నగా మూలుగుతుంది. అది వినబడితే ధైర్యం. నువ్వు చూడబోయే కారులోనూ ఇది విను.

దుమ్ము సంగతి. ఉర్లా, సిల్‌తరా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలున్నాయి. పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేసేవాళ్ళకి ఆ నల్లపొడి తెలుసు. అందులో ఇనుము ఉంటుంది. మంచుకీ వానకీ తడిసి తెల్ల పెయింటు మీద గోధుమరంగు చుక్కలుగా దిగబడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్ళు ధారగా పోసి కడిగి, అప్పుడప్పుడు క్లే బార్ అనే జిగురు మట్టిముద్ద రుద్దితేనే పోతుంది. కవరు కప్పినా కింది నుంచి దూరుతుంది కాబట్టి షెడ్డు లేకపోతే తెల్ల కారు వద్దు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసినదే వస్తోంది. లీటరుకి ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ శక్తి. ఈ కలయిక వస్తే పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ తన నివేదికలోనే రాసింది. పాత రబ్బరు పైపుల్నీ ఇథనాల్ పాడు చేస్తుంది, గాలిలో తేమనీ పీలుస్తుంది. ఫ్యూయల్ హోసులు ఇథనాల్ తట్టుకునే రకానివి వేయించుకుని, టాంకు నింపి నెలల తరబడి నిలిపి ఉంచకుండా వారానికోసారి నడపాలి. నా బండికి ఊళ్ళో లీటరుకి పది కిలోమీటర్లు కూడా రాదు.

విడిభాగాల కోసం ఓపిక కావాలి. ఈ కారు తయారైన గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీలో 2020తో ఉత్పత్తి ఆగిపోయింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, టైమింగ్ బెల్టు దొరుకుతాయి. బీడింగులు, అద్దాల స్విచ్చులు, ముందు లైట్లు మాత్రం వెతుక్కోవాలి, ఢిల్లీ కశ్మీరీ గేట్లోనో, చెన్నై పుదుపేటలో విప్పిన కార్ల దుకాణాల్లోనో. ఒక్కో వస్తువుకి నెలలు పడుతుంది. టైమింగ్ బెల్టుకి మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి, ఇంజనే విప్పాలి. తిరగని బండిలోనూ బెల్టు వయసైపోతుంది. అమ్మేవాళ్ళు "తక్కువ తిరిగింది" అని మురిపిస్తే బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు అడుగు.

మా అత్తయ్య ఈ కారు ఎక్కలేరు. సీటు మరీ కిందికుంటుంది, ఆవిడ మోకాళ్ళు సహకరించవు. నేను చేయి పట్టుకుని దించిన ప్రతిసారీ ఆవిడ ముఖంలో నొప్పి కనబడుతుంది. అందుకే ఆవిడని ఆసుపత్రికి మా ఆయన కారులోనే తీసుకెళ్తాను. అంటే ఇంట్లో రెండో కారు ఉంటేనే ఈ కారు. ఇది ఒట్టి ప్రేమతో దాటే గోడ కాదు చెల్లీ.

ఇన్ని చెప్పాక కూడా నేను అమ్మను. ఎందుకో చెప్తాను. మన చేతుల మీదుగా ఎంత డబ్బు నడుస్తుందో ఒకసారి చూసుకో. పిల్లల ఫీజులు, పెద్దవాళ్ళ మందులు, పెళ్ళిళ్ళకి పెట్టుపోతలు. బంగారం కొన్నా "రేపు అమ్మాయికి" అంటూనే కొంటాం. ప్రతి రూపాయికీ ఇంకొకరి పేరుంటుంది. ట్యూషన్ డబ్బులు కూడబెట్టి ఈ కారు కొన్నప్పుడు ఆర్‌సీలో నా పేరొక్కటే చూసుకున్నాను. ఎవరి అవసరమూ తీర్చని, నా ఇష్టం ఒక్కటే తీర్చే వస్తువు. నటి సావిత్రి గారికి కార్లంటే ప్రాణమని, తానే నడిపేవారని మా అమ్మ మురిసిపోతూ చెప్పేది. అమ్మకి మాత్రం స్టీరింగ్ పట్టుకునే యోగం రాలేదు. పెట్రోలు బంకులో కుర్రాళ్ళు దగ్గరకొచ్చి, "ఆంటీజీ, ఇది అసలు వీటెక్కేనా?" అని అడిగితే బానెట్ ఎత్తి చూపిస్తాను. ఆ ఐదు నిమిషాలు నేను ఎవరి భార్యనో, ఎవరి తల్లినో కాదు, ఆ ఇంజను గురించి తెలిసిన మనిషిని. నీకు కావలసినదీ అదే అయితే ఖర్చు చూసి వెనక్కి తగ్గకు, కానీ కారు ధరలో మూడోవంతైనా మొదటి ఏడాది మరమ్మతులకి విడిగా దాచుకున్నాకే కొను.

బ్రోకర్ ఢిల్లీ కారు చూపిస్తే కాస్త జాగ్రత్త. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లు అక్కడ తిరగకూడదన్న ఆంక్షల వల్ల ఎన్నో మంచి బండ్లు ఇటు వచ్చాయి, నిజమే. కానీ ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకు, చాసిస్ నంబరుని కాగితంతో అంకె అంకె పోల్చుకో, మన సీజీ 04 నంబరుకి మారాలంటే ఇక్కడ పన్ను ఎంత పడుతుందో ఆర్టీవోలో ముందే కనుక్కో. ఎండాకాలంలోనే చూడు, అదీ మధ్యాహ్నం. ఏసీ వేసి అరగంట నిలబెట్టి ఉంచు, టెంపరేచర్ ముల్లు సగం దాటిందా, దణ్ణం పెట్టి వచ్చేయ్. దాటకపోతే మా మిస్త్రీని వెంటబెట్టుకుని నేనే వస్తాను.