ఇప్పి చూడకుండ బిగించకు

మహమ్మద్ నగర్



నీ జీపుల గేర్ బాక్సు బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోయిందని, సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూసినవని మీ అమ్మ చెప్పింది. నీ సీజే 3బీ జీపుకు కొత్తది దొరుకుడు కష్టం, పాతది కొంటే తప్పేం లేదు. కాని బయట తుడిచి వెండి రంగు కొట్టి పెట్టినదాన్ని అట్లనే తెచ్చి బిగించేటట్టయితే వద్దు, నీ పైసలు నీ దగ్గరనే ఉండనీ.

ముందుగాల నీది ఎందుకు పోయిందో చూడు. అది తెలువకుంటే వచ్చేది కూడ అదే తొవ్వ పడుతది. మన దిక్కు సగం తప్పు బురదది. నిజాంసాగర్ కాల్వ కింద నాట్ల దినాల్ల ఎరువు బస్తాలు మోసే బండి ఇరుసుల దాక దిగుతది. కేసుకు గాలి పోయే బ్రీదర్ మట్టితోని మూసుకపోతది. లోపల వేడికి గాలి ఉబ్బి, దారి లేక సీళ్ల పక్కనుంచి ఆయిల్‌ను బయటికి తోస్తది. వేడి మీదున్న బండిని నీళ్లల్ల దింపితే ఉల్టా, చల్లబడి నీళ్లను లోపలికి గుంజుకుంటది. అప్పుడు ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగయితది. వెనక సీలు పోయిందని ఇంకో తీరుగ కూడ తెలుస్తది. ఈ బండికి హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల కాడ ఉండదు, కేసు వెనకాల్నే ఉంటది. కారిన ఆయిల్ అండ్లకే పోతది. కట్ట మీద బ్రేకు గుంజినా బండి జారుతుంటే అనుమానపడు.

మిగిలిన సగం తప్పు నీది. ఫోర్ వీలు వేసి బాన్సువాడ దాక తారు రోడ్డు మీద పోతవని నాకు తెలుసు. ఈ కేసుల ముందు, వెనక షాఫ్టుల నడుమ డిఫరెన్షియల్ లేదు. మలుపుల ముందటి చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతయ్, వెనకయి తక్కువ. బురదల చక్రం జారి సర్దుకుంటది. తారు మీద జారదు, ఆ మెలి అంత గేర్ల మీద, జాయింట్ క్రాసుల మీద పడుతది. ముందట కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉంటే సక్కటి రోడ్డు మీద కూడ అదే బాధ.

ఇగ కొనేదాని సంగతి. కింది రేకు మూత ఇప్పమను. ఇప్పనంటే లేచి రా. అడుగున మెత్తటి బూడిద రంగు ముద్ద ఉంటే భయం లేదు, మెరిసే పెచ్చులు వేళ్లకు అంటితే మాత్రం గేరు పన్నో, బేరింగో ఊడుతున్నట్టు. తర్వాత నడుమ గేరు తిరిగే షాఫ్టు బయటికి తీయించు. ఈ స్పైసర్ 18 కేసు ఎక్కువ అరిగేది అక్కడనే. ఆయిల్ తగ్గితే సూది బేరింగులు షాఫ్టు మీద గీతలు పెడతయ్. గోరు అడ్డంగ గీసి చూడు. గోరు తట్టుకుంటే షాఫ్టు, బేరింగులు రెండూ మార్చాలె. కొనుడు మానుకోమంటలేను, ఆ ఖర్చు ధరల తగ్గించమను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల కేసు వంశమే ఇది, సామాను ఇంకా దొరుకుతది. కాకపోతే షాఫ్టు లావు ఒక్కో కాలంల ఒక్కో తీరు వచ్చింది, కొలిచి కొను.

గేర్ బాక్సు వెనకాల షాఫ్టు మీద కూసునే గేరు కేసుతోని రాదు. కొత్తగ వచ్చే నడుమ గేరుతోని దాని పళ్లు కలువాలె. చానమంది ఆగమయ్యేది ఈడనే. జతగ ఇయ్యమని అడుగు, లేకుంటే నీది పట్టుకపోయి పెట్టి చూసుకో. బిల్లు మరువకు. ఆర్‌సీల ఇంజన్, ఛాసిస్ నంబర్లే ఉంటయ్ గాని, దొంగ బండి సామాను నెత్తి మీదికి రావద్దు.

సీళ్లు, బేరింగులు ఎట్లున్నా కొత్తవే వెయ్యి. వెనక మూత కింద సన్నటి షిమ్ములు ఉంటయ్, ఎన్ని తీసినవో అన్ని తీగకు గుచ్చి పెట్టు. షాఫ్టు ముందుకు, వెనకకు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాక ఆడాలె. మేస్త్రీ చేతి అందాజుతోని బిగిస్తనంటే ఒప్పుకోకు, డయల్ గేజీ పెట్టించు.

బిగించినంక తడి మడిల ఫోర్ వీలు వేసి, లో గేరుల నడుపు. లోల గుంజే బలం 2.46 రెట్లయితది, నాసి బేరింగు ఉంటే అక్కడనే మొత్తుకుంటది. దిగి చెయ్యి దగ్గర పెట్టి చూడు. వెనక బేరింగు కాడ కాలుతుంటే షిమ్ములు తక్కువ పడ్డట్టు, మళ్ల ఇప్పాలె. గేర్ బాక్సు, కేసు రెండింటి ప్లగ్గులూ తీసి ఆయిల్ చూడు.

ఐతారం నాడు ఇంట్లనే ఉంటున్న. కొనకముందుగాల్నే నీ గేరు పట్టుకోని రా, నా వెర్నియర్ ఇస్త.

ఇట్లు,
మీ మామ