కెమెరా ముల్లు చెప్పేది సగం మాటే

సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఒకే కెమెరా గురించి: పెంటాక్స్ కె1000. జపాన్‌కు చెందిన అసాహీ ఆప్టికల్ సంస్థ 1976లో దీన్ని తెచ్చింది. 1997 దాకా తయారీ సాగింది, ముప్ఫై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఫోకస్ చేత్తో తిప్పాలి, షట్టర్ వేగం చేత్తో పెట్టాలి, రీలు చేత్తోనే జరపాలి. అడుగున ఉండే చిన్న సెల్లు లైట్ మీటర్ ముల్లును కదపడానికి మాత్రమే. సెల్లు లేకపోయినా ఫోటో పడుతుంది. ఇంత సాదా యంత్రం కాబట్టి, ఫోటో చెడితే ఎక్కడ చెడిందో వెతికి పట్టుకోవచ్చు. ఒకే సందేహం అడిగినవాళ్ళకు కలిపి జవాబిస్తున్నాను.

నాన్నగారి కె1000 అటక మీద తోలు సంచీతో సహా దొరికింది. లెన్సు లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తున్నాయి. వెనక తలుపు తెరిస్తే నల్లటి జిగురు వేలికి అంటుకుంటోంది. బాగు చేయించవచ్చా, జ్ఞాపకంగా దాచుకోవడమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

బాగు చేయించవచ్చమ్మా. ముందుగా ఆ తోలు సంచీని కెమెరాకు దూరంగా పెట్టండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమలోనే ఫంగస్ పెరుగుతుంది. మీకు కనిపించే పోగులు అవే. తొలిదశలో ఉంటే మెకానిక్ లెన్సు విప్పి తుడిస్తే పోతాయి. ఏళ్ళ తరబడి ఉండి అద్దం మీది పూతను తినేసి ఉంటే మాత్రం, తుడిచినా మచ్చ మిగిలిపోతుంది. అలాంటి లెన్సుతో కూడా ఫోటోలు వస్తాయి, కాకపోతే ఎదురు వెలుగులో కాస్త మసకగా ఉంటాయి. బాగుచేయించే ఖర్చు ఎక్కువనిపిస్తే బాడీ ఉంచుకుని ఇంకో 50 ఎంఎం లెన్సు కొనుక్కోవడం మేలు. ఈ కెమెరాతో పాటు ఎక్కువగా అమ్మిన ఎఫ్/2 లెన్సు ఇప్పటికీ దొరుకుతోంది.

ఆ నల్ల జిగురు ఒకప్పటి స్పాంజి. తలుపు సందుల్లోంచి వెలుతురు చొరబడకుండా గాడుల్లో అతికించేవారు. వయసు మీరాక అది కరిగి తారులా అవుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి మెల్లగా తీసేయవచ్చు. ఆ తర్వాత కొత్త స్పాంజి పట్టీ అతికించాలి. ఈ పని ఇంట్లో చేసుకోదగ్గదే. లోపల గుడ్డతో చేసిన షట్టర్ తెర మీద గానీ, ముందున్న అద్దం మీద గానీ ఒక్క చుక్క కూడా పడనివ్వకండి. ఆ అద్దానికి పూత పైవైపునే ఉంటుంది. పైటచెంగుతో తుడిచినా గీతలు పడతాయి.

ఇక షట్టర్ పరీక్ష. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, కెమెరాను కిటికీ వైపు పెట్టి 1/1000 సెకను దగ్గర నొక్కండి. చట్రమంతా ఒక్కసారి మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే తెరల వేగం తప్పినట్టు. తర్వాత 1 సెకను పెట్టి వినండి. పళ్ళచక్రాల చప్పుడు తడబడకుండా సాగి ఆగాలి. మధ్యలో నిలిచిపోతే లోపలి నూనె గట్టిపడిందన్నమాట. కుట్టుమిషను నూనె పోసే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. అది తెరల మీదికి పాకితే ఇక మెకానిక్ కూడా చేతులెత్తేస్తాడు.

బాగయ్యాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. బియ్యం డబ్బా వద్దు. తవుడు దుమ్ము లెన్సుకు కొత్త రోగం.

రామప్ప గుడిలో నల్లరాతి మదనికలను తీశాను. ప్రింట్లలో బూడిద రంగులో వచ్చాయి. అదే రీల్లో తెల్లపంచె, తెల్లచొక్కాతో కూర్చున్న మా తాతగారు మురికిబట్టలు కట్టుకున్నట్టున్నారు. రెండుచోట్లా ముల్లును సరిగ్గా మధ్యకు తెచ్చాకే నొక్కాను. మీటర్ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

చెడలేదు. చెప్పిన పని అక్షరాలా చేసింది. మీటర్‌కు మదనిక తెలియదు, మీ తాతగారూ తెలియరు. కనిపించే వెలుగంతా కలిపి సగటు కడుతుంది. ఆ సగటు నడిమి రకం బూడిదరంగుగా పడాలంటే ఎంత వెలుతురు కావాలో అంతే చెబుతుంది. దృశ్యంలో నలుపు, తెలుపు కలగలిసి ఉన్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది. చట్రమంతా నల్లరాయి నిండితే దాన్నీ బూడిదగానే చూపించమంటుంది, అంటే వెలుతురు ఎక్కువ పడుతుంది. తెల్లపంచె నిండితే తెలుపును అణిచి బూడిద చేస్తుంది, అంటే తక్కువ పడుతుంది. ముల్లు మధ్యకు రావడమంటే ఫోటో సరిగ్గా వస్తుందని కాదు. అక్కడి నుంచి ఎంత జరపాలో మీరే నిర్ణయించాలి. తెల్లబట్టలకు ముల్లు చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపులు ఎక్కువ ఇవ్వండి (ఒక స్టాపు పెంచడమంటే వెలుతురు రెట్టింపు చేయడం, తగ్గించడమంటే సగం చేయడం). నల్లరాతికి ఒక స్టాపు తగ్గించండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీ రెండు ఫోటోల జబ్బూ ఒకటి కాదు. నెగెటివ్‌ను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మదనికల చట్రాలు బాగా చిక్కగా, నల్లగా ఉంటాయి. అంటే వివరమంతా అందులో భద్రంగా ఉంది, ల్యాబ్ మిషను దాన్ని తేల్చి ప్రింటు చేసింది. ఇంకాస్త ముదురుగా వేసి ఇమ్మంటే మీ నల్లరాయి మీకు తిరిగొస్తుంది. తాతగారి చట్రం మాత్రం పలచగా ఉంటుంది. అందులో నీడల వివరం పడనే లేదు. ఏ ల్యాబూ దాన్ని పుట్టించలేదు. కలర్ నెగెటివ్ రీలు రెండు స్టాపుల వెలుతురు ఎక్కువైనా తట్టుకుంటుంది, ఒక్క స్టాపు తక్కువైతేనే మొహం మాడ్చుకుంటుంది. అందుకే అనుమానం వస్తే ఎక్కువ వైపే మొగ్గండి. స్లైడ్ రీలుకు మాత్రం ఈ మాట వర్తించదు. దానికి అర స్టాపు ఎక్కువైనా తెలుపు తెగిపోతుంది.

గుడిలో, పెళ్ళిలో, ఎక్కడైనా పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మీరు తీయబోయే మనిషి మీద పడుతున్న వెలుగులోనే మీ అరచేయి పెట్టి, చట్రం నిండా అరచేయి కనిపించేలా ముల్లు చూడండి. అరచేయి నడిమి బూడిదకంటే సుమారు ఒక స్టాపు తేటగా ఉంటుంది. కాబట్టి ముల్లు చెప్పినదానికి ఒక స్టాపు కలిపి, ఇక దాన్ని మరిచిపోయి తీసుకుంటూ పోండి. మనుషుల ఒంటి రంగుల్లో ఉన్నంత తేడా అరచేతుల్లో ఉండదు.

మీటర్ పూర్తిగా చచ్చినా భయం లేదు. ఎర్రటి ఎండలో ఎపర్చర్ ఎఫ్/16, షట్టర్ వేగం రీలు ఐఎస్ఓకు దగ్గరి అంకె. 200 రీలైతే 1/250, 400 రీలైతే 1/500. పలచని మబ్బుకు ఎఫ్/11, దట్టమైన మబ్బుకు ఎఫ్/5.6. మన వేసవిలో మధ్యాహ్నం పూట ఈ లెక్క ముల్లు కంటే నమ్మకస్తురాలు.

రిసెప్షన్‌లో ఫ్లాష్‌తో తీసిన ఫోటోలన్నిట్లో ఒక పక్క నిలువుగా నల్లపట్టీ. పెళ్ళికూతురు ఉంది, పెళ్ళికొడుకు లేడు!
– ఒక పాఠకుడు, నూజివీడు

షట్టర్ వేగం 1/60 దాటి పెట్టారు. కె1000లో గుడ్డ తెరలు అడ్డంగా పరుగెడతాయి. 1/60 దాటితే చట్రమంతా ఒకేసారి తెరుచుకోదు, సందు మాత్రమే కదులుతూ పోతుంది. ఫ్లాష్ వెలిగే క్షణానికి తెర పెళ్ళికొడుకు మీద ఉంది. ఫ్లాష్ పెట్టినప్పుడు 1/60, లేదా అంతకంటే తక్కువ వేగం. నికాన్ ఎఫ్ఎం2 వాడేవాళ్ళు మీకు వేరేగా చెబితే తగవు పడకండి. 1984 తర్వాతి ఆ కెమెరాకు 1/250 దాకా చెల్లుతుంది.

36 ఫోటోలు తీశాను. ల్యాబ్‌వాళ్ళు ఖాళీ రీలు చేతిలో పెట్టారు. వాళ్ళే చెడగొట్టారని నా అనుమానం.
– ఒక పాఠకుడు, తిరుపతి

తగవుకు వెళ్ళేముందు రీలు అంచు చూడండి. రంధ్రాల పక్కన కంపెనీ పేరు, అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయా? కనిపిస్తే ల్యాబ్ తప్పు లేదు. ఆ అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రిస్తారు, రసాయనాలు సరిగ్గా పనిచేస్తేనే పైకి తేలతాయి. అవి కూడా లేకపోతే ల్యాబ్‌ను నిలదీయండి.

అంకెలు ఉండి ఫోటోలు లేవంటే, చాలావరకు రీలు కదల్లేదని అర్థం. మూతి కుడివైపు ఇరుసులో సరిగ్గా దూరక జారిపోయి ఉంటుంది. కెమెరా మాత్రం 36 దాకా లెక్క పెడుతూనే పోయింది. రీలు వేశాక ఎడమవైపు తిరుగుడు పిడిని మెల్లగా తిప్పి వదులు లాగండి. తర్వాత మీట లాగిన ప్రతిసారీ ఆ పిడి వెనక్కి తిరగాలి. తిరగకపోతే ఆ నిమిషంలోనే తలుపు తెరిచి మళ్ళీ వేయండి.

వయసు 68. ఒకప్పుడు చక్కగా ఫోకస్ కుదిరేది. ఇప్పుడు మనవరాలి మొహం ఏదో ఒక కన్ను మసక. చదువుకునే కళ్ళజోడు పెట్టుకున్నా లాభం లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

చదువుకునే జోడు తీసేయండి మాస్టారూ, అదే అడ్డం. వ్యూఫైండర్‌లో కనిపించే బొమ్మ కంటికి సుమారు మీటరు దూరంలో ఉన్నట్టు అమర్చి ఉంటుంది. పుస్తకం దూరం కాదు. మీకు దూరపు చూపు జోడు ఉంటే అది పెట్టుకుని చూడండి. నడిమి గుండ్రంలో గింజలు గింజలుగా మెరిసే భాగం ఉంటుంది. ఫోకస్ కుదిరిన చోట ఆ మెరుపు మాయమవుతుంది. ఎపర్చర్ ఎఫ్/2 దగ్గర, మీటరున్నర దూరంలో తేటగా వచ్చే లోతు అరజానెడే. మనవరాలు తల తిప్పితే ఒక కన్ను మసకబారడంలో మీ తప్పేమీ లేదు.

పిల్లలు ఆడుకునేటప్పుడు ఫోకస్ వెంట పరుగెత్తకండి. వెలుతురు బాగుంటే ఎఫ్/8 పెట్టి ఫోకస్ రింగును 5 మీటర్ల దగ్గర వదిలేయండి. 50 ఎంఎం లెన్సుకు సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర దాకా అంతా తేటగానే ఉంటుంది. ఎఫ్/16 అయితే రెండున్నర మీటర్ల నుంచి కొండల దాకా. లెన్సు మీద చెక్కిన జంట అంకెలు చెప్పేది ఇదే.

ఇక్కడ కె1000 ధరలు మండిపోతున్నాయి. కొనవచ్చా? కొని, రీళ్ళతో హైదరాబాద్ వస్తే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో పాడవుతాయా?
– ఒక పాఠకురాలు, డాలస్

మీరుండే దేశంలో ఫోటోగ్రఫీ తరగతుల్లో చేరినవాళ్ళకు దశాబ్దాల పాటు ఈ కెమెరానే చెప్పేవారు. ఆ పేరుకే ఇప్పుడు సగం ధర. 1975లో వచ్చిన పెంటాక్స్ కెఎం దీని అన్నగారు. అందులోంచి సెల్ఫ్ టైమర్, లోతును ముందే చూసుకునే మీట తీసేసి చవకగా అమ్మినదే కె1000. కెఎం తక్కువకు వస్తే కళ్ళు మూసుకుని అదే కొనండి. కె1000 అయితే జపాన్, హాంకాంగ్‌లలో చేసినవి ముందు చూడండి. 1990 తర్వాత చైనాలో చేసినవాటిలో ప్లాస్టిక్ పాలు ఎక్కువ, అయినా ఫోటోలో ఆ తేడా తెలియదు. ఏది కొన్నా లెన్సు మూత విడిగా కొనుక్కోండి. ఈ మీటర్‌కు స్విచ్చి లేదు. మూత పెట్టి చీకటి చేయడమే స్విచ్చి కట్టేయడం, లేదంటే ఎల్ఆర్44 సెల్లు ఊరికే అరిగిపోతుంది.

రీళ్ళను చెక్-ఇన్ పెట్టెలో వేయనే వేయకండి. ఆ మిషన్ల కిరణాలు బలమైనవి. చేతి సంచీలోనే ఉంచి, పారదర్శకమైన కవర్లో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని అడగండి. పాత ఎక్స్‌రే మిషన్లు ఐఎస్ఓ 400 రీళ్ళను ఒకటి రెండుసార్లు ఏమీ చేయవు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు మాత్రం ఒక్కసారికే మసక తెస్తాయి. చిక్కులు వద్దనుకుంటే వచ్చాక ఇక్కడే రీలు కొని, ఇక్కడే కడిగించి, నెగెటివ్‌లు పట్టుకెళ్ళండి. నెగెటివ్‌లకు ఎక్స్‌రే భయం లేదు.

బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుగుదామనుకుంటున్నాను. పుస్తకంలో 20 డిగ్రీలు అని ఉంది. మే నెలలో మా డాబా ట్యాంకు నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు.
– ఫోటోగ్రఫీ విద్యార్థిని, విజయవాడ

డెవలపర్‌లో ఐసు ముక్కలు వేయకండి, పలచబడిపోతుంది. పెద్ద బేసిన్‌లో ఐసు నీళ్ళు పోసి, డెవలపర్, ఫిక్సర్ సీసాలు, కడిగే నీళ్ళ సీసాలు అన్నీ అందులో నిలబెట్టండి. అన్నీ ఒకే చల్లదనానికి వచ్చేదాకా ఆగండి. డెవలపర్‌ను చల్లబరిచి, కడగడానికి మాత్రం కుళాయి వేడినీళ్ళు వాడితే పొర ముడతలు పడుతుంది. 20 కుదరకపోతే 24 దగ్గర చేసి సమయం తగ్గించవచ్చు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు నీళ్ళు కలపని ఐడీ-11లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 24కు ఎంతో కంపెనీ పట్టికలోనే చూసుకోండి. ఐదు నిమిషాల లోపుకు మాత్రం దిగకండి, మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి.

పాఠకులకు ఒక విన్నపం. చాలామంది ప్రింట్ల ఫోటోలు మాత్రమే పంపుతున్నారు. ప్రింటు చూసి కెమెరా జబ్బు చెప్పలేం, మధ్యలో ల్యాబ్ మిషను చేయి పడి ఉంటుంది. ఇకపై రాసేటప్పుడు నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని, అంచులోని అంకెలు కూడా కనిపించేలా ఫోటో తీసి పంపండి. రీలు పేరు, వాడిన ఎపర్చర్, షట్టర్ వేగం గుర్తుంటే అవీ రాయండి.