కంప్యూటరు మొరాయించినా పాల లెక్కలు పోనీయకండి

పాల బిల్లు చెల్లించవలసిన నాడు సంఘపు కంప్యూటరు తెరుచుకొనకపోతే కంగారు పడవద్దు. విండోస్ చెడినంత మాత్రాన లెక్కలు పోయినట్లు కాదు. హార్డ్‌డిస్కు బాగున్నచో వాటిని బయటకు తీయవచ్చును.

గోదావరిఖనిలో గనిలోనికి దిగు కార్మికుడు తన దీపము తన తలపైనే తీసుకొనిపోవును. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్ కూడా అట్టిదే. కంప్యూటరులోని విండోస్‌పై ఆధారపడక తానే నడుచును. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఉచితముగా లభించును. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ దీనిని తెలుగులోనికి కూడా తెచ్చినది.

కార్యదర్శులు చేయవలసినవి:

1. బాగున్న కంప్యూటరు ద్వారా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్‌ను ముందుగానే ఎక్కించి ఉంచవలెను. అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోవును.

2. చెడిన కంప్యూటరుకు దానిని తగిలించి, స్విచ్ వేసిన వెంటనే ఎఫ్12 (కొన్నింటిలో ఎఫ్9 లేక ఎస్కేప్) నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకొనవలెను.

3. ‘ట్రై’ అనునది మాత్రమే ఎంచుకొనవలెను. ‘ఇన్‌స్టాల్’ నొక్కినచో డిస్కులోని లెక్కలు చెరిగిపోవచ్చును.

4. లెక్కల ఫోల్డరును రెండవ పెన్‌డ్రైవ్‌లోనికి కాపీ చేసి, షట్‌డౌన్ చేసిన పిదపనే రెండింటిని తీయవలెను.

డిస్కే చెడినచో ఈ ఉపాయము పనిచేయదు. విండోస్ కొరకు తయారైన పాల లెక్కల సాఫ్ట్‌వేరు సాధారణముగా లినక్స్‌లో నడవదు. తీసిన లెక్కలను వేరొక విండోస్ కంప్యూటరులో తెరువవలెను. కావున ప్రతి బిల్లు నాడు ఒక కాపీ విడిగా తీసి బీరువాలో భద్రపరచవలెను. మీ సంఘములో అట్టి కాపీ ఉన్నదా? తదుపరి సమావేశములో తప్పక అడుగండి.