పిల్లలు ఒప్పుకునేదాకా: జర్మనీలో వాలంటీర్ ఏడాది

జర్మనీలో ఏ కిండర్‌గార్టెన్‌లోకి వెళ్లినా నడవాలో గోడ పొడవునా చిన్నచిన్న కొక్కేలు కనిపిస్తాయి. ఒక్కో కొక్కెం పైన ఒక్కో బొమ్మ ఉంటుంది: బాతు, బస్సు, ఆపిల్. అక్షరాలు రాని పిల్లలు తమ చోటేదో ఆ బొమ్మను చూసి గుర్తుపడతారు. కోటు తగిలించేది అక్కడే, బయటి బూట్లు విప్పి లోపలి చెప్పులు వేసుకునేదీ అక్కడే. పక్కనే వానలో, బురదలో ఆడుకోవడానికి వేసుకునే రబ్బరు ప్యాంటు వేలాడుతుంటుంది. చినుకులు పడుతున్నాయని అక్కడ ఆటలు మానరు. గదిలో ఉన్న పిల్లలందరికీ ఆ ప్యాంట్లు తొడిగి, జిప్పులు పెట్టి, టోపీలు సర్ది బయటికి పంపాలి. కాసేపటికి తడిసి వచ్చాక మళ్లీ అన్నీ విప్పాలి. కొత్తగా చేరిన వాలంటీర్‌కు ఉదయం చాలావరకు ఈ పనితోనే గడిచిపోతుంది.

బీటెక్కో డిగ్రీయో చేసి, ఇంటర్వ్యూలకు తిరుగుతున్న తెలుగు యువతకు ఈ పని గురించి పెద్దగా తెలియదు. తెలిసిన కొద్దిమందిలోనూ చాలామంది దీన్ని జర్మనీ చేరడానికి సులువైన దారిగానే చూస్తారు. దారి అన్నది నిజమే. సులువన్నదే నిజం కాదు.

ఎఫ్‌ఎస్‌జే, బీఎఫ్‌డీ అని అక్కడ అందరి నోటా వినిపించే రెండు సేవా పథకాలున్నాయి. ఎఫ్‌ఎస్‌జే అంటే స్వచ్ఛంద సామాజిక ఏడాది. దీనికి 1964లోనే చట్టం చేశారు. నిర్బంధ పాఠశాల చదువు ముగించి, 27 ఏళ్లు నిండనివాళ్లు చేరవచ్చు. బీఎఫ్‌డీ ఫెడరల్ ప్రభుత్వం నడిపే సేవ. 2011లో జర్మనీ నిర్బంధ సైనిక సేవను ఆపేసినప్పుడు, సైన్యానికి బదులు ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసే కుర్రాళ్ల రాక కూడా ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి అదే ఏడాది జులై 1న బీఎఫ్‌డీ మొదలైంది. ఇందులో గరిష్ఠ వయసు లేదు. రెండింటిలోనూ విదేశీయులకు చోటుంది. కారితాస్, డియాకొనీ, ఆవో, జర్మన్ రెడ్‌క్రాస్ వంటి పెద్ద సంస్థలు తమ కిండర్‌గార్టెన్లలో, స్కూళ్లలో, యువజన కేంద్రాల్లో వీళ్లను తీసుకుంటాయి. వ్యవధి సాధారణంగా 12 నెలలు. 2026 ఆగస్టు నుంచి ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతితో మొదలుపెట్టి పిల్లలకు రోజంతా సంరక్షణ పొందే చట్టబద్ధ హక్కు అమల్లోకి వస్తుంది కాబట్టి, పిల్లల మధ్య పనిచేసే చేతుల అవసరం అక్కడ తగ్గేది కాదు.

డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. ఇది జీతం కాదు, పాకెట్ మనీ. 2025లో దీని గరిష్ఠ పరిమితి నెలకు 644 యూరోలు. ఆచరణలో అంతకంటే తక్కువ ఇచ్చేవే ఎక్కువ. కొన్ని సంస్థలు గది, భోజనం ఇస్తాయి, కొన్ని వాటికి బదులు కొంత సొమ్ము ఇస్తాయి, కొన్ని ఏదీ ఇవ్వవు. ఆరోగ్య బీమాతో సహా సామాజిక బీమా చందాలు సంస్థే కడుతుంది. గది ఇవ్వని చోట, అందులోనూ మ్యూనిక్ లాంటి నగరంలో, ఈ సొమ్ముతో నెల గడవడం కష్టం. చిన్న ఊరే అయినా గది ఇచ్చే సంస్థను ఎంచుకున్నవాళ్లు తొలి నెలల్లో కాస్త తేరుకుంటారు. ఈ డబ్బులోంచి ఇంటికి పంపాలని, అప్పు తీర్చాలని లెక్కలు వేసుకున్నవాళ్లు మాత్రం ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

ఇక భాష. చాలా సంస్థలు తొలి మెట్టైన ఏ1 దాటి, ఏ2 లేదా బీ1 స్థాయి అడుగుతాయి. హైదరాబాద్‌లో గోయెథె సెంట్రమ్‌తో పాటు నేర్చుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. కానీ పరీక్ష పాసైన జర్మన్ వేరు, నాలుగేళ్ల పిల్ల ఏడుస్తూ చెప్పే జర్మన్ వేరు. పిల్లలు ఆగి ఆగి మాట్లాడరు, సగం మాట మింగేస్తారు, ఆ ప్రాంతపు యాస కలిపేస్తారు. మనవైపు తప్పు దొర్లితే మొహమాటం లేకుండా అక్కడికక్కడే దిద్దుతారు. పెద్దవాళ్లు మర్యాదకు ఊరుకుంటారు గానీ పిల్లలు ఊరుకోరు, అందుకే భాష నేర్పడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఎరిక్ కార్ల్ బొమ్మల పుస్తకం, ఆకలి తీరని గొంగళిపురుగు కథ, అక్కడి పిల్లల గదుల్లో తరచూ కనిపిస్తుంది. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు, ఇలా తినుకుంటూ పోతుంది ఆ పురుగు. ఒళ్లో కూర్చున్న పిల్ల మళ్లీ చదవమంటుంది, మళ్లీ చదవాలి. వారాలు, అంకెలు, పండ్ల పేర్లు ఏ వ్యాకరణ పుస్తకంతోనూ రానంత గట్టిగా నాలుకకు పట్టేస్తాయి.

అయినా మొదటి నెలల్లో కుదురుకోవడానికి అడ్డం వచ్చేది భాష ఒక్కటే కాదు. మన యువత అక్కడికి వెళ్లగానే ఏదో చేసి చూపించాలని తొందరపడతారు. పిల్లల్ని దగ్గరికి పిలుస్తారు, ఎత్తుకోబోతారు, బుగ్గలు పుణుకుతారు. అక్కడ అది ఇబ్బంది తెస్తుంది. కిండర్‌గార్టెన్లో కొత్తగా చేరే పిల్లల కోసమే 1980లలో రూపొందిన 'బెర్లిన్ పద్ధతి' ఒకటుంది. మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో గదిలోనే కూర్చుంటారు, బిడ్డను విడదీయరు. టీచరు దగ్గరికి లాక్కోదు, ఆట మధ్యలో మెల్లగా కలుస్తుంది. నాలుగో రోజు మాత్రమే తల్లి కాసేపు బయటికి వెళ్లి చూస్తుంది. బిడ్డ ఏడ్చినా టీచరు ఓదారిస్తే ఊరుకుందా, ఊరుకోలేదా అన్నదాన్ని బట్టి మిగతా వారాలను నిర్ణయిస్తారు. వాలంటీర్ కుదురుకునేదీ సరిగ్గా ఇలాగే. నేల మీద ఒక మూల కూర్చుని, చెక్క దిమ్మలు పేరుస్తూ, ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే వాళ్లకొక దిమ్మ అందిస్తే చాలు. రోజూ అదే వేళకు, అదే ముఖంతో కనిపించే మనిషిని పిల్లలు కొన్ని వారాల్లో తమవాళ్లలో కలిపేసుకుంటారు.

కొన్ని నియమాల్లో మాత్రం మెతకదనం ఉండదు. 1970 తర్వాత పుట్టి పిల్లల సంస్థల్లో పనిచేసేవాళ్లందరూ తట్టు టీకా రుజువు చూపాలని 2020 మార్చి నుంచి చట్టం ఉంది. చిన్నప్పటి టీకా కార్డు పోగొట్టుకున్నవాళ్లు బయల్దేరకముందే డాక్టరును కలవడం మేలు. నేరచరిత్ర లేదన్న పత్రం కావాలి, మన దగ్గర దానికి పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు తీయకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో పిల్లలతో సెల్ఫీ పెట్టడం మనకు ముచ్చట, అక్కడ అది పెద్ద తప్పు. చెయ్యి ఎత్తడం సంగతి చెప్పనక్కర్లేదు. హింసలేని పెంపకం పిల్లల హక్కని 2000లోనే చట్టంలో రాసుకున్నారు. ఒంట్లో బాగాలేకపోతే పని మొదలయ్యే వేళకు ముందే ఫోన్ చేయాలి, మధ్యాహ్నం చెబితే కుదరదు.

యువజన కేంద్రాల్లో పని ఇంకొక రకం. అక్కడికొచ్చేది పద్నాలుగు, పదహారేళ్ల వాళ్లు. వాళ్లను ఎవరూ పంపరు, ఇష్టమైతే వస్తారు, లేకపోతే లేదు. టేబుల్ ఫుట్‌బాల్ చుట్టూ మూగుతారు, పాటలు పెడతారు, కొత్త మనిషిని ఆటపట్టిస్తారు. క్లాసు టీచరులా మాట్లాడితే లేచి పోతారు. వాళ్లలో సిరియా నుంచో అఫ్గానిస్తాన్ నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు. తడబడే జర్మన్‌తో వచ్చిన వాలంటీర్‌తో వాళ్లకు తొందరగా మాట కలిసే అవకాశం ఉంది. కానీ పిల్లల వయసుకూ తమ వయసుకూ తేడా తక్కువైనప్పుడు స్నేహానికి, బాధ్యతకు మధ్య గీత చెరిగిపోతుంటుంది. ఏ పిల్లవాడైనా ఇంట్లో కొడుతున్నారని రహస్యంగా చెబితే దాన్ని కడుపులో పెట్టుకోకూడదు, కేంద్రంలోని సోషల్ వర్కర్‌కు చెప్పాలి.

చట్టం వాలంటీర్ల పక్షాన కూడా ఉంది. వీళ్లు అదనపు సాయం మాత్రమే, ఉద్యోగులకు బదులు కాదు. సిబ్బంది తక్కువని రోజూ ఒక గుంపు మొత్తాన్ని ఒంటరిగా అప్పగిస్తుంటే అది సరికాదు. ఆ మాట చెప్పుకోవడానికి సంస్థ తరఫున మార్గదర్శకులు ఉంటారు. 27 ఏళ్లు నిండనివాళ్లకు ఏడాదిలో 25 రోజులు సెమినార్లు ఉంటాయి, వేరే చోట్ల పనిచేసే వాలంటీర్లు కలిసేది అక్కడే. డిసెంబరులో, బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటిపడే రోజుల్లో, గదికొచ్చి ఒంటరిగా అన్నం వండుకునేవాళ్లకు ఆ పరిచయాలే పెద్ద అండ.

ఇంటి నుంచి వచ్చే ప్రశ్న మరోటి ఉంది. "ఇంత చదివి, పిల్లల ముక్కులు తుడవడానికా అక్కడికెళ్లింది?" అని ఫోన్లో అడుగుతారు. ఆ మాటకు కుంగిపోవాల్సిన పనిలేదు. పిల్లల సంరక్షణ అక్కడ ఏళ్ల తరబడి చదివి చేసే వృత్తి. గుర్తింపు పొందిన ఎర్‌త్సీయర్ (పిల్లల సంరక్షకుల) శిక్షణకు ఈ ఏడాది అనుభవం చాలాచోట్ల పనికొస్తుంది. చివర్లో సంస్థ రాసిచ్చే సర్టిఫికెట్‌లో ఏం పని చేశారో, ఎలా చేశారో ఉంటుంది. సోషల్ వర్క్, స్పెషల్ ఎడ్యుకేషన్, సైకాలజీ వైపు మనసున్నవాళ్లకు ఇది మన దేశంలోనూ బరువున్న అనుభవమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే లక్ష్యమైనవాళ్లకు మాత్రం ఇది చుట్టుదారి. వీసా దరఖాస్తులో "ఎందుకు వెళ్తున్నారు" అన్నదానికి నిజాయితీగా సమాధానం రాయలేనివాళ్లు అక్కడ మూడో నెలకే అలసిపోతారు.

ఏజెంట్ల విషయంలో జాగ్రత్త అవసరం. సీటు ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లను నమ్మకూడదు. జాతీయ వీసా రుసుము 75 యూరోలు మాత్రమే. బీఎఫ్‌డీ ఒప్పందం మీద కొలోన్ కేంద్రంగా ఈ సేవను నడిపే ఫెడరల్ కార్యాలయం సంతకం ఉంటుంది. అది లేని బీఎఫ్‌డీ కాగితం చూపిస్తే అనుమానించాలి. ఎక్కువ చోట్ల కొత్త బృందాలు ఆగస్టు, సెప్టెంబరుల్లో చేరతాయి, దరఖాస్తులు ముందటి చలికాలం నుంచే తీసుకుంటారు. వీసా అపాయింట్‌మెంట్‌కు నెలలు పట్టవచ్చు. భాష ఏ1తో మొదలుపెట్టేవాళ్లకు బీ1 చేరడానికి దాదాపు ఏడాది కావాలి. ఇప్పుడు క్లాసులో చేరేవాళ్లు వచ్చే చలికాలంలో దరఖాస్తులు పంపుకుని, ఆ తర్వాతి సెప్టెంబరుకు సిద్ధం కావచ్చు.